ఫైలు ఎవరి పేరు మీదుంది?



ఈ వారం అసైన్డ్ భూముల గురించి రాస్తానని పోయిన భాగంలో చెప్పాను. తీరా రాస్తున్నది కంప్యూటర్ గురించి. చివరిదాకా చదవండి, మాట తప్పానో లేదో అప్పుడు చెప్పండి.

ముదిగొండలో మా వాడ అంబేద్కర్ భవనంలో ఒక పాత కంప్యూటర్ ఉంది. రిటైరైన టీచర్ గారొకరు ఇచ్చారు. ర్యామ్ 2 జీబీ. విండోస్ వేస్తే తెర మీద గడియారం తిరగడం తప్ప ఏమీ జరగదు. అందుకని లినక్స్ వేశాను. జుబుంటు 18.04. తేలికైన డెస్క్‌టాప్, పాత మిషన్ మీద కూడా పరుగెత్తుతుంది, పైసా ఖర్చు లేదు. పిల్లలకు ఒక్కొక్కరికి ఒక్కో అకౌంటు ఇచ్చాను. అడ్మిన్ అకౌంటు మాత్రం నా దగ్గరే పెట్టుకున్నాను. ఈ ఒక్క వాక్యం గుర్తుంచుకోండి, మళ్ళీ దీని దగ్గరికే వస్తాం.

ఒక ఆదివారం మధ్యాహ్నం ఖమ్మంలో మీటింగ్‌లో ఉండగా ఫోన్ మోగింది. డిగ్రీ చివరి సంవత్సరం చదివే చెల్లె.

"అన్నా, కరెంటు పోయొచ్చింది. ఇప్పుడు పాస్‌వర్డ్ కొడితే తీసుకుంటంది. తెర నల్లగైతంది. మళ్ళా పాస్‌వర్డే అడుగుతంది."

నా నోటి నుంచి వచ్చిన మొదటి మాట ఏమిటో తెలుసా? "ఏం నొక్కినవ్?"

"నేనేం నొక్కలేదన్నా."

"ఏదో ఒకటి నొక్కకపోతే ఊరికే అట్ల కాదు కదమ్మా."

అవతల మాట లేదు. ఆ నిశ్శబ్దం నాకు బాగా తెలిసినదే. నేను కంప్యూటర్ నేర్చుకోవడానికి పోయిన రోజుల్లో ల్యాబ్‌లో మిషన్ ఏది ఆగినా ముందు మా బెంచీ వైపే చూసేవాళ్ళు. "మీకెందుకురా ఇవి" అని నోటితో అనరు, చూపుతో అంటారు. ఆ చూపును ఇన్నేళ్ళు తిట్టుకున్నవాణ్ణి, అదే చూపును ఫోన్‌లో మా చెల్లె మీదికి పంపాను.

ఆమె తర్వాత మెల్లగా చెప్పింది. బుధవారం ప్రాజెక్టు ఇవ్వాలి. మొత్తం అందులోనే ఉంది. ఇల్లిల్లూ తిరిగి రాసుకున్న వివరాలు: ఎవరికి ఎప్పుడు అసైన్డ్ పట్టా ఇచ్చారు, ఇప్పుడు ఆ చెలక ఎవరు దున్నుతున్నారు. దాంతోపాటు నాయనమ్మ చెప్పిన మాటల రికార్డింగులు. వేరే కాపీ లేదు. బజార్లో ఒక కంప్యూటర్ షాపు అతన్ని అడిగితే, "ఫార్మాట్ కొట్టి విండోస్ వేస్తా, ఐదొందలివ్వు" అన్నాడట.

"కొట్టించొద్దు. వస్తున్నా. అప్పటిదాకా ఎవరినీ ముట్టుకోనీయకు" అన్నాను.

నాయనమ్మ చెప్పిన మాటలంటే ఏమిటో బయటి ఊళ్ళ పిల్లల కోసం రెండు ముక్కలు చెప్పాలి. 2007 జూలై 28. పేదలకు భూమి, ఇళ్ళ స్థలాలు ఇవ్వాలని, కోనేరు రంగారావు కమిటీ సిఫార్సులు అమలు చేయాలని వామపక్షాలు బంద్‌కు పిలుపునిచ్చిన రోజు. మా ముదిగొండలో పోలీసులు కాల్పులు జరిపారు. ఏడుగురు చనిపోయారు. ఆ రోజు రోడ్డు మీద ఉన్నవాళ్ళలో ఆ నాయనమ్మ ఒకరు. ఇప్పుడు ఆమెకు మాట సరిగా రావడం లేదు. వచ్చినప్పుడు మనవరాలు రికార్డు చేసుకున్న మాటలే ఆ కంప్యూటర్‌లో ఉన్నవి. ఐదొందల రూపాయలకు చెరిగిపోయేది అదీ.

సాయంత్రానికి ముదిగొండ చేరుకున్నాను. భవనంలో ఆమెతో పాటు ఇంకో నలుగురు పిల్లలు కూర్చొని ఉన్నారు, ఎవరికో బాగాలేదన్నట్టు.

ముందు చూశాను. పాస్‌వర్డ్ కొట్టింది. ఒక్క క్షణం నలుపు. మళ్ళీ లాగిన్ తెర. ఇక్కడ ఒక సంగతి గమనించండి. పాస్‌వర్డ్ తప్పైతే "తప్పు" అని రాసి చూపిస్తుంది. ఇది అలా రాయలేదు. అంటే తాళం సరైనదే, తలుపు తెరుచుకుంది. లోపలికి పోయిన మనిషిని ఎవరో మళ్ళీ బయటికి నెట్టారు. రెండింటికీ చాలా తేడా ఉంది.

"కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 మూడూ కలిపి నొక్కు" అన్నాను. బొమ్మలన్నీ పోయి నల్ల తెర మీద తెల్ల అక్షరాలు వచ్చాయి. పిల్లలు భయపడ్డారు. భయపడాల్సింది లేదు. డెస్క్‌టాప్ అంటే ఇంటి ముందర వేసిన ముగ్గు. ముగ్గు చెరిగితే ఇల్లు కూలినట్టు కాదు. ఈ నల్ల తెర పెరటి గుమ్మం. అక్కడ తన పేరు, తన పాస్‌వర్డ్ కొట్టింది. లోపలికి రానిచ్చింది. "ఎల్‌ఎస్" అని రెండు అక్షరాలు కొట్టించాను. ఫోల్డర్ల పేర్లు వరసగా వచ్చాయి. ప్రాజెక్టు ఉంది. రికార్డింగులు ఉన్నాయి.

ఆమె ముఖం చూడలేదు నేను. చూస్తే ఏడ్చేదేమో, నేను కూడా.

వెంటనే పెన్‌డ్రైవ్ పెట్టించి ముందు ఆ రెండు ఫోల్డర్లూ కాపీ చేయించాను. తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, రిపేరుకు ముందు కాపీ. ఎంత తొందరున్నా సరే. ఆ తర్వాతే స్క్రూడ్రైవరైనా, కమాండైనా.

రెండోది, డిస్క్ నిండిపోయిందేమో చూశాం. నిండినా ఇదే లక్షణం వస్తుంది, లోపలికి పోయాక రాసుకోవడానికి చోటు లేక బయటికి వచ్చేస్తుంది. చోటు చాలానే ఉంది. అది కాదు.

మూడోది అన్నిటికన్నా ముఖ్యం. నా అడ్మిన్ అకౌంటుతో "పరీక్ష" అనే పేరుతో కొత్త అకౌంటు ఒకటి తయారు చేశాను. దానితో లాగిన్ అయితే డెస్క్‌టాప్ చక్కగా వచ్చింది. మెనూ, గడియారం, అన్నీ. అంటే మిషన్ బాగుంది. లినక్స్ బాగుంది. చెడింది ఆమె అకౌంటులోని సెట్టింగులు మాత్రమే. షాపు అతను ఫార్మాట్ కొట్టి ఉంటే బాగున్న మిషన్‌ను, బాగున్న సిస్టమ్‌ను, బాగున్న రికార్డింగులను చంపి, నాలుగు చిన్న ఫైళ్ళ జబ్బు నయం చేసేవాడు. రోగం ఎక్కడుందో వెతికే ఓపిక లేనివాడికి ఫార్మాట్ చాలా సుఖం. మన వాడల విషయంలో కూడా ఇది చూస్తూనే ఉన్నాం. డ్రైనేజీ బాగు చేయమంటే వాడనే లేపేయమంటారు.

ఇక ఆ ఫైళ్ళు ఎక్కడుంటాయి? లినక్స్‌లో ఫైలు పేరు ముందు ఒక చుక్క పెడితే అది మామూలు చూపుకు కనపడదు. సెట్టింగులన్నీ అలా చుక్క పెట్టుకొని దాక్కొని ఉంటాయి. "ఎల్‌ఎస్" పక్కన ఒక అడ్డగీత, ఎల్, ఏ అని చేర్చి కొడితే దాగినవన్నీ బయటపడతాయి. ఒక్కో ఫైలు పక్కన అది ఎవరి పేరు మీదుందో కూడా రాసి ఉంటుంది.

ఆ జాబితాను ఆమెనే చదవమన్నాను. వేలు పెట్టి ఒక్కో వరస చదువుతూ పోయింది. ప్రతి వరసలో తన పేరే. ఒకచోట ఆగింది.

"అన్నా, ఇక్కడ నా పేరు లేదు. రూట్ అనుంది. ఎవరన్నా రూట్?"

ఆ ఫైలు పేరు డాట్ ఎక్స్‌అథారిటీ. చిన్నది, లోపల నాలుగు ముక్కలుంటాయి. మీరు లాగిన్ అయినప్పుడల్లా "ఈ మనిషికి ఈ తెర మీద బొమ్మలు గీసే అనుమతి ఉంది" అని అందులో కొత్తగా రాస్తారు. అది మీ పేరు మీద లేకపోతే మీ అకౌంటు అందులో రాయలేదు. రాయలేకపోతే అనుమతి లేదు. అనుమతి లేకపోతే తెర లేదు. నలుపు, మళ్ళీ పాస్‌వర్డ్. ఆమెను బయటికి నెట్టింది ఇదే.

రూట్ అంటే లినక్స్‌లో సర్వాధికారి. ఆ మిషన్‌లో ఆ అధికారం ఉన్నది ఎవరికి? నాకు.

అప్పుడు గుర్తొచ్చింది. ముందురోజు శనివారం సాయంత్రం వచ్చి తెలుగు ఫాంట్లు వేశాను. ఆమె అకౌంటు తెరిచే ఉంది. లేచి మళ్ళీ నా అకౌంటులోకి పోవడం ఎందుకని అక్కడే టెర్మినల్ తెరిచి, నా యూజర్‌లోకి మారి, సుడో పెట్టి ఫైల్ మేనేజర్ ఓపెన్ చేశాను. సుడో అంటే కాసేపు సర్వాధికారిగా పని చేయడం. అది సరిగా పనిచేయకపోతే ఇంకేవో రెండు మూడు కమాండ్లు కొట్టి, ఆమె ఫోల్డర్ మీద నుంచే రూట్‌గా తెరిచాను. ఫాంట్లు కాపీ అయ్యాయి. "అయిపోయిందమ్మా" అని చెప్పి బస్సెక్కాను. కిటికీలున్న ప్రోగ్రామును ఇలా సుడోతో తెరిస్తే, అది పోతూ పోతూ ఆ మనిషి ఇంట్లో కొన్ని ఫైళ్ళను రూట్ పేరు మీద రాసి పోతుంది. ఈ సంగతి నాకు తెలుసు. పుస్తకంలో చదివాను, నలుగురికి చెప్పాను కూడా. తొందరలో చేశాను.

అప్పటికే లోపలున్న మనిషికి ఏ తేడా తెలియలేదు. ఆదివారం కరెంటు పోయి, మళ్ళీ కొత్తగా లాగిన్ కావాల్సి వచ్చినప్పుడు తెలిసింది. అందరం కరెంటును అనుమానించాం. నేను ఆమెను అనుమానించాను. తప్పు చేసింది నేను.

పిల్లలందరి ముందే చెప్పాను. "చెల్లే, నువ్వేం నొక్కలేదు. నేనే నొక్కాను."

ఆమె కోప్పడలేదు. "సరే గానీ, నా పేరు మీదికి ఎట్ల మార్చాలన్నా?" అంది. కోప్పడితే బాగుండేది.

మార్చే కమాండుకు పేరు "చోన్". చేంజ్ ఓనర్ అన్నదానికి పొట్టి పేరు. ముందు సుడో, తర్వాత చోన్, తర్వాత ఎవరి పేరు మీదికో, ఏ ఫైలో. ఆమెనే కొట్టమన్నాను. కొట్టింది. తెర మీద ఒక ఇంగ్లీషు వాక్యం వచ్చింది. ఈ యూజర్ పేరు అనుమతి ఉన్నవాళ్ళ జాబితాలో లేదు, ఈ సంఘటనను రిపోర్టు చేస్తాం అని దాని అర్థం.

ఆమె చెయ్యి కీబోర్డు మీద నుంచి తీసేసింది. "ఎవరికి రిపోర్టు చేస్తరన్నా?"

నవ్వకండి. 2007 తర్వాత ఈ ఊళ్ళో రిపోర్టు అనే మాట వింటే ఉలిక్కిపడే ఇళ్ళున్నాయి. ఆమె ఆ ఇళ్ళలో పెరిగిన పిల్ల. నిజానికి అది ఎక్కడికీ పోదు, ఆ మిషన్‌లోనే ఒక లాగ్ ఫైలులో ఒక వరస రాసుకుంటుంది, చూసేది కూడా ఆ మిషన్ అడ్మినే. అంటే ఆమె తన ఫైలును తన పేరు మీదికి మార్చుకోబోతే, ఆ ఫిర్యాదు వచ్చేది నా దగ్గరికి. ఫైలు పేరు మార్చి చెడగొట్టింది నేను. బాగుచేసే అధికారం నా దగ్గర. ఫిర్యాదు పెట్టె కూడా నేనే.

మిత్రులారా, ఈ ఏర్పాటు మీకెక్కడా చూసినట్టు లేదూ?

నా అకౌంటుతో లోపలికి పోయి, మొదటి పనిగా ఆమెను అడ్మిన్ జాబితాలో చేర్చాను. ఫైలును నేను మార్చలేదు. ఆమె బయటికి పోయి మళ్ళీ లోపలికి వచ్చి తనే కొట్టింది. ఈసారి ఏ వాక్యమూ రాలేదు. లినక్స్‌లో పని సరిగ్గా జరిగితే మౌనమే జవాబు. మళ్ళీ జాబితా వేసి చూసింది. రూట్ ఉన్నచోట తన పేరు. డాట్ కాన్ఫిగ్, డాట్ కాష్ ఫోల్డర్లలో రూట్ పేరు మీదున్నవి ఇంకొన్ని దొరికాయి. అవీ మార్చింది.

లాగిన్ అయింది. లోపలికి పోయింది. పిల్లలు చప్పట్లు కొట్టారు. కానీ తెర మీద వెనక బొమ్మ తప్ప ఏమీ లేదు. మెనూ లేదు, గడియారం లేదు.

ఇది రెండో జబ్బు. దీనికి మాత్రం కరెంటే కారణం. డెస్క్‌టాప్ తన ప్యానెల్ ఎలా ఉండాలో ఒక ఫైలులో రాసుకుంటుంది. వెతికితే ఆ ఫైలు సైజు సున్నా. రాస్తుండగా కరెంటు పోయి ఖాళీగా మిగిలింది. ఒక జబ్బు బాగు చేయగానే ఇంకోటి కనపడితే, మొదటి వైద్యం తప్పనుకోవద్దు. రెండు జబ్బులు ఉండొచ్చు.

ఇక్కడ రెండు జాగ్రత్తలు. ఒకటి, ఈ పని డెస్క్‌టాప్‌లో ఉండగా చేయొద్దు. అది మూసుకునేటప్పుడు తనకు గుర్తున్నదంతా మళ్ళీ ఫైళ్ళలో రాస్తుంది, మీ రిపేరు మీద పోసేస్తుంది. లాగౌట్ అయి పెరటి గుమ్మం నుంచే చేయాలి. రెండు, పాత ఫోల్డర్‌ను చెరపొద్దు. పేరు మార్చండి చాలు. డాట్ కాన్ఫిగ్‌లో ఎక్స్‌ఎఫ్‌సీఈ4 అనే ఫోల్డర్ ఉంటుంది. దాని వెనక "పాతది" అని తగిలించాం. డాట్ కాష్‌లో సెషన్స్ ఫోల్డర్‌కూ అలాగే. మళ్ళీ లాగిన్ అయితే డెస్క్‌టాప్ పాతది కనపడక కొత్తది తనే తయారు చేసుకుంది. మెనూ వచ్చింది, గడియారం వచ్చింది. తెలుగు కీబోర్డు మాత్రం పోయింది. పాత ఫోల్డర్‌లో కీబోర్డు ఫైలు చెక్కుచెదరకుండా ఉంది. దాన్ని మళ్ళీ లాగౌట్ చేసి కొత్త దాంట్లోకి తెచ్చుకుంది. చెరిపేసి ఉంటే అది కూడా మొదటి నుంచి చేసుకోవాల్సి వచ్చేది.

రాత్రి తొమ్మిదింటికి ఆమె ప్రాజెక్టు ఫైలు తెరిచి, ఆగిన వాక్యం దగ్గర కర్సర్ పెట్టింది. ఆ వాక్యం నాకు కనిపించింది. ఒక పెద్దాయన పేరు, ఆయనకిచ్చిన పట్టా, దాని పక్కన "ప్రస్తుతం సాగు చేస్తున్నవారు" అన్న గడి. ఆ గడిలో వేరే పేరు.

ఇప్పుడు భూమి సంగతి.

1977లో ఉమ్మడి రాష్ట్రం ఒక చట్టం చేసింది. అసైన్డ్ భూముల బదిలీ నిషేధ చట్టం, మన వాళ్ళు 9/77 అంటారు. భూమి లేని పేదలకు ప్రభుత్వం ఇచ్చిన భూమిని ఎవరైనా కొన్నా, తాకట్టు పెట్టుకున్నా, లీజుకు తీసుకున్నా ఆ బదిలీ చెల్లదంటుంది. పరాయి చేతిలో ఉన్న అలాంటి భూమిని స్వాధీనం చేసుకొని అసలు పట్టాదారుకో, వారసులకో తిరిగి అప్పగించే దారి కూడా అందులో ఉంది. అంటే చోన్ కమాండు చట్టంలోనే ఉంది. ఉండి ఏం లాభం? దాన్ని కొట్టే అనుమతి పేదవాడి దగ్గర లేదు. ఆ కమాండు కొట్టేవాడు ఆఫీసులో ఉంటాడు. పేదవాడు అర్జీ పెట్టుకుంటే, ఆ అర్జీ ఎవరి దగ్గరికి పోవాలో వాళ్ళ దగ్గరికే పోతుంది. 2007లో మా ఊరి రోడ్డు మీదికి జనం వచ్చింది ఇందుకే.

ఇంతవరకు రాయడం నాకు సులువు. పాతికేళ్ళుగా రాస్తున్నదే. కష్టమైంది ఇప్పుడు రాయబోయేది.

పట్టా పరాయి చేతిలోకి ఎప్పుడూ దౌర్జన్యంగానే పోదు. "నీకు తెల్వదు గదా, నేను చూసుకుంటా, కాగితాలు నా దగ్గర పెట్టు" అని కూడా పోతుంది. నేను ఆ శనివారం సాయంత్రం అన్నది అదే మాట. నాకు వాళ్ళ మీద ప్రేమ లేదా? ఉంది. నాది మా కులమే, మా వాడే. అయినా వాళ్ళ ఇంట్లో ఫైళ్ళు నా పేరు మీదికి వచ్చాయి. ప్రేమ ఉన్నంత మాత్రాన ఓనర్ గడిలో పేరు మారదు.

మన సంఘాల్లో ఇది ఎంతుందో లెక్క చూసుకోండి. పేజీ పాస్‌వర్డ్ ఎవరి దగ్గర? సంఘం బ్యాంకు పుస్తకం ఎవరి బీరువాలో? వాడ గురించి తీసిన వీడియోలు ఎవరి ఫోన్‌లో? ఆడపిల్లలు తిరిగి పోగుచేసిన వివరాలు ఎవరి పేరుతో అచ్చవుతాయి? మనం లేకపోతే ఆగిపోతాయని గర్వంగా చెప్పుకుంటాం. ఆగిపోయేట్టు ఏర్పాటు చేసింది మనమే. బాబాసాహెబ్ 1920లో మూక్‌నాయక్ పెట్టింది మన మాట మన పత్రికలోనే రావాలని. పక్కవాడి పత్రికలో నాలుగు అంగుళాల జాగా ఆయన కోరుకోలేదు. ఆ పత్రికకు మూగవాళ్ళ నాయకుడని పేరు పెట్టినాయన, మూగవాళ్ళు మూగగానే ఉండాలని కోరుకున్నవాడు కాదు.

లినక్స్ నాకెందుకు నచ్చిందో కూడా ఇందులోనే ఉంది. 1983లో గ్నూ ప్రాజెక్టు ప్రకటించిన రిచర్డ్ స్టాల్‌మన్ అడిగింది ధర గురించి కాదు. నడపడానికి, విప్పి చూడడానికి, మార్చడానికి, పంచడానికి హక్కు కావాలన్నాడు. మన దగ్గర స్వేచ్ఛ సంస్థ వాళ్ళు తెలుగులో ఆపరేటింగ్ సిస్టమ్ తెచ్చింది ఆ స్ఫూర్తితోనే. బెంగళూరులో ఒక బస్తీ పిల్లల కోసం ఫ్రీ సాఫ్ట్‌వేర్ కార్యకర్తలు అంబేద్కర్ పేరు మీద కంప్యూటింగ్ సెంటర్ పెట్టారు. అయితే స్వేచ్ఛ ఉన్న సాఫ్ట్‌వేర్ వేసి, అడ్మిన్ పాస్‌వర్డ్ ఒక్క మగవాడి జేబులో పెట్టుకుంటే ఆ స్వేచ్ఛ ఎవరిది? మా భవనంలో ఇన్నాళ్ళూ జరిగింది అదే.

ఇప్పుడు ఏం మార్చామో చెప్పి ముగిస్తాను. మా కంప్యూటర్‌కు ముగ్గురు అడ్మిన్లు, అందులో ఇద్దరు ఆడపిల్లలు. ఎవరి అకౌంటులో ఉండగానూ వేరేవాళ్ళు సుడో కొట్టకూడదు, నేనైనా సరే. ప్రతి ఆదివారం పెన్‌డ్రైవ్‌లోకి కాపీ. గోడ మీద ఒక కాగితం అతికించాం. ఆమె చేతిరాతే. డెస్క్‌టాప్ రాకపోతే: పెరటి గుమ్మం నుంచి పో. ఫైళ్ళున్నాయా చూడు. ముందు కాపీ చెయ్యి. డిస్క్ నిండిందా చూడు. కొత్త అకౌంటు చేసి చూడు. ఫైలు ఎవరి పేరు మీదుందో చదువు. నీ పేరు మీదికి మార్చుకో. సెట్టింగుల ఫోల్డర్ చెరపకు, పేరు మార్చు. ఫార్మాట్ మాట ఎత్తకు. అట్టడుగున ఇంకో వరస తనే చేర్చింది: ఏం నొక్కినవ్ అని ఎవర్నీ అడగకు.

ప్రాజెక్టు బుధవారం ఇచ్చేసింది. నాయనమ్మ రికార్డింగులు ఇప్పుడు మూడు చోట్ల ఉన్నాయి. వాటిని ఈ పేజీలో పెట్టమని చాలామంది అడిగారు. నేను పెట్టను. అవి ఆ పిల్ల పేరు మీదున్నాయి. ఎప్పుడు పెట్టాలో, ఎక్కడ పెట్టాలో ఆమె చెబుతుంది.

జై భీమ్.